పూజనాడు ఆగిపోయిన బుడగలు

మా మనవరాలు స్కూలు పనికని చార్టు మీద బొమ్మలు వేసింది. అన్నిటికంటే పైన మనిషి. ఆ కింద సింహం, ఏనుగు, తిమింగలం, గద్ద. అడుగున కాస్త గడ్డి. పైన హిందీలో పెద్దక్షరాలతో 'ఈ భూమిని ఏలేది ఎవరు' అని రాసింది. తెచ్చి నా మొహం ముందు పెట్టి, "ఎలాగుంది నానమ్మా? మస్త్ హై నా?" అంది.

"తప్పు. మళ్ళీ వెయ్యి" అన్నాను.

"ఏటి తప్పు? టీచరే చెప్పింది."

"మీ టీచరు మా డిపోలో పనిచెయ్యలేదు. కొత్త చార్టు కొంటానంటే ఊరుకోను. వెనకవైపు శుభ్రంగానే ఉంది, తిప్పి వెయ్యి."

అది మూతి ముడుచుకుని వెళ్ళిపోయింది. మన తెలుగు సంఘంవాళ్ళు ఈ ఏడాది పుస్తకానికి పిల్లలు చదివేలాగ ఉద్యోగం కబుర్లు ఏమైనా రాయమంటే మొదట వద్దన్నాను. నేను చదివింది నాలుగో తరగతి, అదీ పూర్తిగా కాదు. కానీ ఆ చార్టు చూశాక చెయ్యి ఊరుకోలేదు. బిలాస్‌పూర్‌లో పుట్టిన మీరు తెలుగు కూడబలుక్కుని చదువుతారని నాకు తెలుసు. నేనూ కూడబలుక్కునే రాస్తున్నాను, కాబట్టి సరికి సరి. పేర్లు రాయను. ఇందులో వాళ్ళు కొందరు ఇంకా డ్యూటీలో ఉన్నారు. కొందరు కూరగాయల దగ్గర నాకు రోజూ ఎదురుపడతారు, నాకంటే ఎక్కువ ధర పెట్టి కొంటారు.

మా ఆయన రైలుపెట్టెల ఫిట్టరు. ఉద్యోగంలో ఉండగానే గుండె ఆగి పోయారు. ఆయనకి బదులు నాకు డిపోలో హెల్పరు ఉద్యోగం ఇచ్చారు. చాలా ఏళ్ళు వాషింగ్ లైన్లో పెట్టెలు కడిగాను. అప్పట్లో రైలు దొడ్డిలోది తిన్నగా పట్టాల మీదే పడేది. తర్వాత ప్రతి దొడ్డి కిందా ఒక స్టీలు తొట్టి బిగించడం మొదలుపెట్టారు. ఆ తొట్టిలో కంటికి కనపడని జీవాలుంటాయి. మనం వదిలినది అవి తిని, నీళ్ళుగా, గాలిగా మార్చేస్తాయి. బ్యాక్టీరియా అంటారు. నేను జీవాలనే అంటాను, ఎందుకంటే మా ఊళ్ళో గొర్రెల్ని కాసినట్టే వాటినీ కాశాం.

కొత్త తొట్టి బిగించినప్పుడల్లా ఆ జీవాలున్న నల్లటి నీళ్ళు అందులో కొంత పొయ్యాలి. పాలలో తోడు వేస్తాం చూడండి, అలాగన్నమాట. ఆ తోడు పెంచే పెద్ద తొట్టి మా డిపోలోనే ఒక షెడ్డులో ఉండేది. మదర్ ట్యాంక్ అనేవారు. దానికి రోజూ పేడనీళ్ళు పెట్టాలి. గాలి తగలనివ్వకూడదు. పక్కన అగ్గిపుల్ల గియ్యకూడదు, లోపల పుట్టే గాలి అంటుకుంటుంది. ఆ గాలి బయటికి పోవడానికి సన్నటి గొట్టం ఉండేది, దాని కొస ఒక గాజుసీసాలో నీళ్ళలో ముంచి ఉంచేవారు. లోపల జీవాలు బాగుంటే సీసాలో గుడగుడమని బుడగలు వచ్చేవి. షెడ్డులోకి ఎవరొచ్చినా ముందు ఆ సీసా వైపే చూసేవారు. ఇంటికెళ్ళగానే పసిబిడ్డ ఉయ్యాల వైపు చూడమూ, అలాగ.

నన్ను ఆ షెడ్డులో వేసినప్పుడు నలుగురూ జాలిపడ్డారు, వాసనని. నేనేమీ అనుకోలేదు. కూర్చోవడానికి నీడ ఉంది, నీళ్ళలో నానే పని తప్పింది.

అక్కడ కెమిస్టు పని చూసే ఒక మేడమ్ ఉండేది. వయసు చిన్నదే, తెలంగాణ పిల్ల. పెద్ద చదువు. అయినా మధ్యాహ్నం నా పక్కనే కూర్చుని డబ్బా విప్పేది. నా కూర రుచి చూసి, "ఏంది పెద్దమ్మా, నూనె సూస్తే భయపడ్తదా నీ కూర?" అనేది. "నూనె ఊరికే వస్తాదేటి?" అనేదాన్ని నేను. ఒక రోజు తింటూ తింటూ అడిగింది.

"పెద్దమ్మా, ఈ భూమ్మీద పానం ఉన్నయన్నిటిని త్రాసుల పెట్టి తూస్తే ఎవలు ఫస్టొస్తరు?"

"ఏనుగులు" అన్నాను.

"ఏనుగులు ఎన్ని ఉన్నయే? చెట్లు ఫస్టు. గా తర్వాత ఇగో, ఇవి" అని తొట్టి వైపు చెయ్యి చూపించింది. "మన మనుషులందర్ని కలిపి ఎక్కించినా ముల్లు కదల్తదో లేదో. అదే తలకాయలు లెక్కపెడ్తే ఇవే ఫస్టు. మనం పుట్టకముందు ఎన్నడో ఉన్నయి, మనం పోయినంక గూడ ఉంటయి. నీ కడుపుల ఉన్నయి, నీ చేతి మీద ఉన్నయి."

"నా చేతులు నేను సబ్బెట్టి కడుక్కుంటానమ్మా."

"కడుక్కో. అయినా ఉంటయి."

నాకు నమ్మకం కుదర్లేదు. అంత పెత్తనం ఉన్నవి మా పేడనీళ్ళ కోసం కాసుకుని కూర్చోవడం ఏమిటని అడిగాను. ఆవిడ నవ్వి, "మనం పెడ్తున్నమా, అవి మనతోని పెట్టించుకుంటున్నయా?" అంది. చదువుకున్నవాళ్ళ మాటలు అలాగే ఉంటాయని ఊరుకున్నాను.

నేను రిటైరయ్యే ఏడాది నా దగ్గర పని నేర్చుకోమని ఒక పిల్లని పంపారు. నాలాగే మొగుడు పోతే ఉద్యోగం వచ్చింది. మన విజయనగరం వైపు కుటుంబమే, కానీ ఇక్కడే పుట్టి పెరిగింది, సగం హిందీ. ఇంకా పర్మనెంటు కాలేదు. క్వార్టర్లో అత్తగారు, స్కూలుకెళ్ళే కూతురు. ఉద్యోగం పోతే క్వార్టరు ఖాళీ చెయ్యాలి, చేసి ఎక్కడికి వెళ్తుందో దానికే తెలీదు. ఆ భయంతోనే కాబోలు, ఏ పని చెప్పినా రెట్టింపు చేసేది. తుడవమంటే కడిగేది, కడగమంటే తోమేది. సబ్బు ఖర్చు చూసి నేను తిట్టేదాన్ని.

ఇక విశ్వకర్మ పూజ సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఆ రోజు డిపోలో ప్రతి మిషనుకీ బొట్టు, ప్రతి పనిముట్టుకీ పువ్వు. ఇళ్ళవాళ్ళు కూడా వచ్చి చూసి, ప్రసాదం తిని వెళ్తారు. ఆ ఏడాది పందిరి మా షెడ్డుకి ఆనుకుని వేశారు. ముందురోజు మా సూపర్‌వైజరు అందర్నీ నిలబెట్టి చెప్పాడు. ఇక్కడివాడే, హిందీ మాట. "రేపు పెద్ద సాహెబుల ఇంటివాళ్ళు వస్తారు. ఈ షెడ్డులోంచి కంపు, బద్‌బూ అన్నది రావడానికి వీల్లేదు. ఏం చేస్తారో నాకు తెలీదు."

పూజనాడు నన్ను కిచిడీ దగ్గర వేశారు. గాడిపొయ్యి మీద పెద్ద గుండిగ. నేతిలో జీలకర్ర వేగుతోంది. ఆ కమ్మటి వాసన మీదుగా ఇంకో వాసన వచ్చింది. ఫినాయిల్. తుడిచిన నేల నుంచి వచ్చే వాసన కాదు అది, గొంతులో గుచ్చుకుంటోంది. గరిటె పక్కవాళ్ళ చేతిలో పెట్టి షెడ్డుకి పరిగెత్తాను.

ఆ పిల్ల తలంటుకుని, ఎర్రంచు చీర కట్టుకుని, చేతిలో ఖాళీ డబ్బాతో నిలబడి ఉంది. మొహం వెలిగిపోతోంది. తొట్టికి చుట్టూ బంతిపూల దండ. పేడనీళ్ళు పోసే మూతి తెరిచి ఉంది.

"ఎంత పోసేవే?" అన్నాను.

"పూరా డబ్బా పెద్దమ్మా. పైపైన కడిగితే లాభం లేదు, లోపలి నుంచే కదా బద్‌బూ. విశ్వకర్మ బాబా ముందు మన ట్యాంకీ కూడా సాఫ్ ఉండొద్దా?"

నేను సీసా వైపు చూశాను. ఒక బుడగ వచ్చింది. కాసేపటికి ఇంకొకటి, చిన్నది. తర్వాత నీళ్ళు కదలడం మానేశాయి. పందిట్లో గంట కొడుతున్నారు, హారతి పాడుతున్నారు. ఆ పిల్లకి అప్పుడర్థమైంది. డబ్బా చేతిలోంచి జారిపోయింది.

"పెద్దమ్మా, సచ్చిపోయాయా?"

"నువ్వు పోసింది వాటికి ప్రసాదం కాదు" అన్నాను. ఓదార్చలేదు. నాకు ఓదార్చడం రాదు, ఆ రోజు రావాలనీ అనుకోలేదు. మూతి బిగించి, దాన్ని తీసుకెళ్ళి కిచిడీ వడ్డించే పనిలో పెట్టాను. ఏడుస్తూనే వడ్డించింది. పొగ కళ్ళలోకి వెళ్ళిందని అందరికీ చెప్పాను. సాహెబుల ఆడవాళ్ళు షెడ్డు ముందు నిలబడి, ఎంత శుభ్రంగా ఉందో అన్నారు. సూపర్‌వైజరు ఛాతీ పొంగింది.

సాయంత్రం పందిరి ఖాళీ అయ్యాక ఆయనకి చెప్పాను. దాచిపెట్టే మనిషిని కాదు, దాచినా సీసా దాచదు. ఆయన సీసా దగ్గర గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. లేచేసరికి మొహం మారిపోయింది.

"ఎవరు పొయ్యమన్నారు?"

"వాసన రాకూడదని నువ్వే కద బాబూ అన్నావు."

"నేను ట్యాంక్‌లో పొయ్యమన్నానా? మాతాజీ, ఆ మాట మళ్ళీ నోట్లోంచి రానివ్వకండి." తర్వాత గొంతు తగ్గించాడు. "ఈ వారంలోనే జోన్ ఆఫీసు నుంచి పెద్దాయన ఈ ట్యాంక్ చూడ్డానికి వస్తున్నాడు. రేపు దీన్ని ఖాళీ చేసెయ్యండి. కడిగి, నీళ్ళు నింపుదాం. ఆ అమ్మాయి నిర్లక్ష్యం వల్ల చచ్చిందని నేను కాగితం పెడతాను. కొత్త తోడు బయటినుంచి తెప్పించుకుందాం."

ఆయన చెడ్డవాడు కాదు, భయస్తుడు. నా అనుభవంలో చెడ్డవాళ్ళతో వేగడం తేలిక. ఆ కాగితం పడితే పర్మనెంటు కాని మనిషికి ఏమవుతుందో నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు.

ఇక్కడ నా గుణం ఒకటి చెప్పాలి. నేను దేన్నీ పారబొయ్యలేను. మాడిన అన్నం గీకి ఎండబెడతాను. పాత చీర దిండు గలేబు అవుతుంది, గలేబు గుడ్డపీలిక అవుతుంది, అది కూడా ఊరికే పోదు. ఏళ్ళ తరబడి బుట్టలు బుట్టలు పేడ పెట్టి పెంచిన తొట్టిని ఒక్క పూటలో మురిక్కాలువలోకి వదిలెయ్యమంటే నా ప్రాణం ఒప్పుకోలేదు. ఆ పిల్ల మీద జాలి ఎంతో, ఆ దుబారా మీద కోపం ఎంతో ఇప్పటికీ నేను తేల్చుకోలేను. అడుగు వాల్వు తిప్పడానికి ఒక ఇనప పిడి ఉండేది, ఊడదీసి పక్కన పెట్టుకునేలాగ. దాన్ని నా టిఫిన్ సంచిలో వేసుకుని, మీద ఖాళీ డబ్బా పెట్టి, ఇంటికి పట్టుకుపోయాను. రైల్వే వస్తువు ఇంటికి తేవడం నా సర్వీసంతటికీ అదొక్కసారే.

మర్నాడు పొద్దున్నే సూపర్‌వైజరు వచ్చాడు. "పిడి ఏది మాతాజీ?"

"ఏ పిడి బాబూ?"

"మీకు రిటైర్మెంట్ దగ్గరపడింది. ఇలాంటి వేషాలేస్తే పెన్షన్ కాగితాలు ఆగిపోతాయి. తెలుసా?"

పెన్షన్ అన్న మాట వింటే ఇప్పటికీ నాకు భయమే. అప్పుడూ అంతే. కానీ సంచి ఒళ్ళో పెట్టుకుని వాల్వు ముందే కూర్చున్నాను. ఆయన ఫిట్టర్లని రెంచీ తెమ్మన్నాడు. మా ఆయనతో పనిచేసిన ఫిట్టర్లు వాళ్ళు. ఒకడి రెంచీ పూజలో పెట్టాడట, ఇంకా కదపకూడదట. ఒకడిది ఎవరో అడిగి తీసుకెళ్ళారట. ఇంకొకడు రెంచీ తెచ్చాడు కానీ అది ఆ కొలతకి సరిపోలేదు, సరిపోదని తెలిసే తెచ్చాడు.

అప్పటికి మేడమ్ సెలవు నుంచి వచ్చింది. సంగతి విని ఎవర్నీ తిట్టలేదు. పక్కనున్న చిన్న కుళాయి తిప్పి నీళ్ళు పట్టి చూసింది, వాసన చూసింది, రంగు మారే కాగితం ముంచి చూసింది.

"గవి సచ్చినయని ఎవలు చెప్పిండ్రు?" అంది.

"సీసా చెప్పింది" అన్నాను.

"సీసా వాటి పానం బాగలేదని చెప్పింది, సచ్చినయని చెప్పలే. పైనున్నయి పోయింటయి. అడుగున గంత మడ్డి ఉంది, దాంట్ల దాక్కున్నయి ఉంటయి. అన్నిటిని సంపుడు ఎవనితరం గాదు పెద్దమ్మా. మంచులుంటయి, మరిగే నీళ్ళల్లుంటయి, నీ ఫినాయిల్ ఒక లెక్కనా?" సూపర్‌వైజరు వైపు తిరిగి హిందీలో చెప్పింది. "ఖాళీ చెయ్యకండి. ఆ మడ్డి పోతే నిజంగానే అంతా పోతుంది. పెద్దాయన వచ్చేదాకా నాకు వదిలెయ్యండి."

"అప్పటికీ బుడగలు రాకపోతే?"

"రాకపోతే మీ కాగితం మీద నా సంతకం కూడా పెడతా."

ఆయన వెళ్ళిపోయాడు. కానీ మధ్యాహ్నానికల్లా కాగితం టైపు చేయించి జేబులో పెట్టుకున్నాడు. చొక్కా జేబులోంచి దాని కొస కనపడుతూనే ఉండేది. ఆ పిల్ల కళ్ళు ఆ జేబు మీదే.

పైపైన ఉన్న ఫినాయిల్ నీళ్ళని మెల్లగా, మడ్డి కదలకుండా బయటికి తీశాం. కుళాయి నీళ్ళు పొయ్యబోతే మేడమ్ నా చెయ్యి పట్టుకుంది. అందులో మందు కలుపుతారట, అదీ వీటికి విషమేనట. బోరునీళ్ళు మోసుకొచ్చి పోశాం. నేను పేడ కలపబోయాను. అదీ వద్దంది.

"ఆకలితో ఉంటాయి కదమ్మా!"

"జొరమొచ్చినోనికి బిర్యానీ పెడ్తవా?"

వేళకి తిండి పెట్టకుండా ఊరికే కూర్చోవడం ఎంత కష్టమో పశువుల్ని పెంచినవాళ్ళకే తెలుస్తుంది. రోజు గడిచింది. సీసాలో నీళ్ళు గాజులాగ నిలబడిపోయాయి. ఎవరైనా గట్టిగా తలుపు వేస్తే నీళ్ళు కదిలేవి, మేం ముగ్గురం ఉలిక్కిపడేవాళ్ళం. ఇంకో రోజు గడిచింది. మేడమ్ పైకి ధైర్యంగానే ఉంది కానీ గోళ్ళు కొరుక్కోవడం నేను చూశాను. పెద్దాయన రేపు వస్తున్నాడని కబురొచ్చింది.

ఆ మధ్యాహ్నం ఆ పిల్ల డబ్బా విప్పలేదు. గోడకి ఆనుకుని కూర్చుని, ఉన్నట్టుండి అంది. "పెద్దమ్మా, మా ఇంట్లో పెరుగు పాడైపోతే అత్తమ్మ పక్క క్వార్టర్ నుంచి తోడు తెస్తాది. ఆళ్ళది మా పెరుగే. ఒకప్పుడు మా ఇంటి నుంచే తీసుకెళ్ళారు."

"అయితే?"

"మనం తోడు పోసిన రైలుడబ్బాలు ఎన్ని తిరుగుతున్నాయో కదా. సిక్ లైన్లో ఒకటి నిలబడి ఉంది. చక్రం పని ఉందని పెట్టారు. దాని కింద తొట్టిలో..."

మేడమ్ అప్పటికే లేచి నిలబడింది. "నాకెందుకు తట్టలే!" అని తల మీద కొట్టుకుంది.

సిక్ లైనంటే బాగుచెయ్యాల్సిన పెట్టెల్ని నిలబెట్టే చోటు. అక్కడి మేస్త్రీ శ్రీకాకుళం మనిషి, నా పెళ్ళికి వచ్చినవాడు, నోటికి తాళం లేదు. మేం డబ్బాలు పట్టుకుని వెళ్ళేసరికి పొద్దు వాలుతోంది. సంగతి చెప్పాను.

"ఓలమ్మ! దీపాలెట్టే ఏళ తోడు అడగొచ్చేవేటి వదినా? మా ఇంట్లో లచ్మి ఎల్లిపోద్ది!"

"నీ ఇంట్లో లచ్మి దొడ్డి కింద ఉంటాదేటి? మూత తియ్యి."

"తీస్తాను గాని, నా జీవితంలో ఇలాటి తోడు అడిగినోళ్ళు నువ్వొక్కర్తివే."

నవ్వుతూనే పెట్టె కిందికి దూరాడు. నల్లటి చిక్కటి నీళ్ళు డబ్బాల నిండా పట్టి, గాలి తగలకుండా మూతలు బిగించి ఇచ్చాడు. మేం పట్టాలు దాటుకుంటూ మోసుకొచ్చాం. ఆ పిల్ల రెండు చేతులా పొదువుకుని నడిచింది, బిడ్డని తెచ్చినట్టు. కట్టుకున్న చీరకి మరకయింది. తొట్టిలో పోసి, మూతి బిగించి ఇళ్ళకి వెళ్ళాం.

పొద్దున నేను వెళ్ళేసరికి ఆ పిల్ల నాకంటే ముందే వచ్చి ఉంది. నేను అడగలేదు. అదే తల అడ్డంగా ఊపింది.

పెద్దాయన వచ్చాడు. నెమ్మదైన మనిషి. వెనకాల అరడజను మంది. ఆ చిన్న షెడ్డులో ఊపిరాడలేదు. మేడమ్ తొట్టి సంగతి చెప్పుకొస్తోంది. ఆయన వింటూ వింటూ సీసా ముందు ఆగాడు. అంత పెద్దవాళ్ళు కూడా ముందు సీసానే చూస్తారు.

"ఇది ఎందుకు ఆగింది?"

సూపర్‌వైజరు చెయ్యి జేబు మీదికి వెళ్ళింది. కాగితం సగం బయటికొచ్చింది.

"సార్, ఒక హెల్పర్ నిర్లక్ష్యం వల్ల..."

"నేనే సార్." ఆ పిల్ల గొంతు పలచగా వచ్చింది. "ఫినాయిల్ నేనే పోశాను. పూజకి వాసన రాకూడదని."

"ఎవరు చెప్పారు పొయ్యమని?"

ఆ పిల్ల సూపర్‌వైజరు వైపు చూసింది. ఆయన కాగితం వైపు చూసుకుంటున్నాడు. ఒక్క మాట అంటే చాలు, బరువు ఆయన మీదికి పోతుంది. నా నోరు దురద పెట్టింది. ఆ పిల్ల తల దించుకుని, "ఎవరూ చెప్పలేదు సార్. నాకే తోచింది" అంది.

పెద్దాయన మేడమ్‌ని అడిగాడు, బతికే ఆశ ఉందా అని. ఉందంది ఆవిడ. ఎప్పుడు తెలుస్తుందన్నాడు. అది చెప్పలేనంది. ఆయన నిట్టూర్చి, చెయ్యి చాపాడు, కాగితం ఇమ్మన్నట్టు. నేను కళ్ళు మూసుకున్నాను. ఆ క్వార్టర్లో అత్తగారు, ఆ చిన్నదాని స్కూలు సంచి కళ్ళముందుకొచ్చాయి. ఏనాడూ దేవుణ్ణి ఏదీ అడగని దాన్ని, ఆ నల్లటి నీళ్ళకి మొక్కుకున్నాను. ఒక్కటి. ఒక్కటి వదలండర్రా.

"సార్!" అన్న కేక వినపడింది. కళ్ళు తెరిచాను.

కేక వేసింది సూపర్‌వైజరు. కాగితం ఇవ్వబోయిన చెయ్యి గాల్లో అలాగే ఉంది. రెండో చేత్తో సీసా చూపిస్తున్నాడు. "బుల్‌బులా, సార్! బుడగ వచ్చింది! నేను చూశాను!"

మిగతా ఎవరూ చూడలేదు. అందరూ కాగితం వైపు చూస్తున్నారు. ఆయన ఒక్కడే, ఆ కాగితం ఇవ్వాల్సిన మనిషే, సీసా వైపు చూస్తూ ఉన్నాడు. చూసి ఊరుకుని ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. అందుకే ఆయన చెడ్డవాడు కాదని ముందే రాశాను.

పెద్దాయన వంగి నిలబడ్డాడు. అరడజను మందీ వంగారు. గొట్టం కొసన చిన్న ముత్యంలాగ ఒకటి ఉబ్బింది. ఉబ్బుతూ ఉబ్బుతూ అక్కడే వేలాడింది. అది గొట్టం వదిలి పైకి వచ్చి పగిలింది. తర్వాత చాలాసేపటికి ఇంకొకటి.

"బతికించారన్నమాట. ఎలా చేశారు?" అన్నాడు పెద్దాయన.

మేడమ్ నోరు తెరిచేలోపల సూపర్‌వైజరు అందుకున్నాడు. "ఖాళీ చెయ్యొద్దని చెప్పాను సార్. మడ్డి కాపాడుకుంటే చాలన్నాను. సిక్ లైన్ నుంచి తోడు తెప్పించాను. అంతా మా టీమ్ వర్క్ సార్."

మేడమ్ నా కాలు తొక్కింది. తొక్కకపోతే నా సర్వీసు చివర్లో ఏం జరిగేదో చెప్పలేను. తర్వాత ఆలోచిస్తే అదే మంచిదనిపించింది. తాను కాపాడిన తొట్టి చచ్చిపోయిందని ఆయన ఇక కాగితం ఎలా ఇస్తాడు? అది మడత మీద మడత పడి లోపలి జేబులోకి వెళ్ళింది. పెద్దాయన వెళ్ళేముందు ఆ పిల్లని పిలిచి, "ఫినాయిల్ నేలకే" అన్నాడు. అంతే.

సాయంత్రం నేను ఇనప పిడి తెచ్చి వాల్వు పక్కన పెట్టాను. సూపర్‌వైజరు చూశాడు. "దొరికిందా మాతాజీ?"

"నువ్వే వెతికించావు కద బాబూ" అన్నాను.

ఆయన నవ్వలేదు, నేనూ నవ్వలేదు. నా పెన్షన్ కాగితాలు మాత్రం వేళకే కదిలాయి.

ఆ పిల్ల పర్మనెంటు అయింది. ఇప్పుడు ఆ షెడ్డు దానిదే. మొన్న పూజకి మా మనవరాల్ని వెంటబెట్టుకుని వెళ్ళాను. పందిరి ఈసారి దూరంగా వేశారు. తొట్టికి దండ ఉంది, సీసాకి బొట్టు ఉంది, అగరొత్తి మాత్రం గేటు బయట. ఫినాయిల్ బీరువా తాళంచెవి దాని నడుముకి వేలాడుతోంది. షెడ్డంతా మామూలు వాసన. మా మనవరాలు ముక్కు మూసుకుంది. నేను దాని చెయ్యి కిందికి దించి, సీసా ముందు నిలబెట్టి, ఇందాక మీకు రాసినదంతా చెప్పాను.

ఇంటికొచ్చి చార్టు వెనకవైపు తిప్పింది. చెట్లు వేసింది, పెద్దవి. మనిషిని ఒక మూల చిన్నగా వేసింది. పై భాగం ఖాళీగా ఉంచి, పెన్సిలు కొరుకుతూ కూర్చుంది.

"నానమ్మా, కనపడనివాళ్ళని ఎలా గియ్యాలి?"

"సీసా గియ్యి" అన్నాను. "అందులో ఒక బుడగ. ఒక్కటి చాలు, రంగు దండగ చెయ్యకు."